కత్తీ ఫోర్కూ తీసేసి అన్నం ముద్ద పెడితే సరిపోతుందా?

పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవాళ్ళ పరిస్థితిని కొలవడానికి బాగా వాడుకలో ఉన్న ప్రశ్నావళి స్ట్రోక్ ఇంపాక్ట్ స్కేల్. 3.0 వెర్షన్‌లో 59 ప్రశ్నలు, ఎనిమిది విభాగాలు, ఆఖర్న ‘ఎంతవరకు కోలుకున్నారు’ అంటూ 0 నుంచి 100 దాకా ఒక నిలువు కొలబద్ద ఉంటాయి. అమెరికాలో, కాన్సాస్ విశ్వవిద్యాలయంలో తయారైంది కాబట్టి ప్రశ్నల్లో కనిపించేవి అక్కడి వంటిల్లూ అక్కడి వీధులే. తెలుగులోకి మార్చి విశాఖలో వాడాలంటే ముందు హక్కుదారుల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. ఆ తర్వాతే అసలు పని.

రోజువారీ పనుల విభాగంలో మొదటి ప్రశ్న కత్తీ ఫోర్కుతో తిండి కోసుకోవడం గురించి. దీన్ని దాదాపు అందరూ ‘అన్నం కలిపి ముద్ద చేసుకుని తినడం’ అని మార్చేస్తారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ కత్తీ ఫోర్కూ రెండు చేతుల పని, అన్నం కలపడం ఒక్క చేతి పని. ఎడమవైపు పడిపోయిన మనిషి కుడిచేత్తో శుభ్రంగా తినేసి పూర్తి మార్కులు తెచ్చుకుంటాడు. అసలు ప్రశ్నలో అదే మనిషికి మార్కులు తగ్గాలి. కమలాపండు తొక్క ఒలుచుకుని తినడం అని పెడితే రెండు చేతులూ కలిసి పనిచెయ్యాల్సిందే, ఆడా మగా తేడా కూడా రాదు. అన్నం ప్రశ్న వదలబుద్ధి కాకపోతే లెక్కలో కలపకుండా విడిగా అడగండి. అడగడమే మంచిది కూడా. కుడిచెయ్యి పడిపోయినవాళ్ళు పెళ్ళికి వెళ్ళి బంతిలో ఎడంచేత్తో తినలేక ఇంట్లోనే ఉండిపోతారు. నలుగురిలో కలవడం అనే విభాగంలో మార్కులు పడిపోయాయంటే దానికి కారణం నడక కాకపోవచ్చు. అలాగే ఎడమచెయ్యి పడిపోతే దొడ్డికి వెళ్ళొచ్చాక కడుక్కోవడం సమస్య, కానీ అసలు ప్రశ్నావళిలో దాని ఊసే లేదు. అందుకే ఫారం పైనే ఏ వైపు పడిపోయింది, అంతకుముందు ఏ చేత్తో తినేవారు అని రాసుకోవాలి.

చేతి పని విభాగంలోనూ చూడాల్సింది వస్తువును కాదు, కదలికను. తలుపు నాబ్ తిప్పడం మణికట్టు పని. దాని బదులు గడియ తియ్యడం పెడితే అది లాగే పని అయిపోతుంది, తిప్పే కుళాయి పెడితే సరిగ్గా సరిపోతుంది. బూటు లేసుకు లంగా బొందు, పైజామా బొందు ముడి సరిపోతాయి. చీర కుచ్చిళ్ళు పెట్టడం మాత్రం వద్దు, కష్టం ఒక్కసారిగా పెరిగిపోతుంది. నాణెం తీసే ప్రశ్నలో ఉన్నది డైమ్, అంటే అమెరికా పది సెంట్ల బిళ్ళ. అది మన రూపాయి బిళ్ళ కంటే చిన్నది, పలచనిది. కాబట్టి ఏ నాణెమో, బల్ల మీద నుంచి తియ్యాలో నేల మీద నుంచో అందరికీ ఒకేలా రాసి పెట్టుకోవాలి. ‘ఒక బ్లాక్ నడవడం’ అన్నది ‘వీధి చివరిదాకా’ అవుతుంది గానీ, కొండవాలు కాలనీల్లో ఇల్లున్నవాళ్ళకు వీధంటే మెట్లే. చదును నేల మీద అని స్పష్టంగా చెప్పకపోతే నడక ప్రశ్న కాస్తా మెట్ల ప్రశ్న అయి కూర్చుంటుంది.

అన్నిటికంటే ఎక్కువ లెక్క తప్పేది ఇంటిపనుల దగ్గర. పెద్దాయన్ని గిన్నెలు తోమడం ఎంత కష్టంగా ఉందని అడిగితే ‘మా ఆవిడ తోముతుంది బాబూ’ అంటాడు. ఒంట్లో బాగున్న రోజుల్లోనూ ఆయన తోమలేదు. అడిగేవాళ్ళు ‘అసలు చేయలేను’ గడిలో టిక్కు పెడతారు. ఇంటిపనులు ఉన్న ఈ రోజువారీ పనుల విభాగంలో పది ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 5, మొత్తాన్ని 0–100కు మారుస్తారు. ఒక్క ప్రశ్న 5 నుంచి 1కి పడితే పది పాయింట్లు పోతాయి. చిన్న ఇంటిపని, పెద్ద ఇంటిపని రెండూ ఇలాగే పడితే ఇరవై. ఈ విభాగంలో 5.9 పాయింట్ల తేడానే రోగికి తెలిసేంత మార్పుగా 2010లో లెక్కగట్టారు. అంటే ఇక్కడ మనం కొలుస్తున్నది జబ్బును కాదు, ఆ ఇంటి పద్ధతిని. ‘చేయాల్సి వస్తే చేయగలరా’ అని అడగాలా, ఖాళీ వదలాలా అన్నది నిపుణుల కమిటీ ముందే తేల్చి, అడిగేవాళ్ళ చేతిపుస్తకంలో రాయాలి. ఎవరికి తోచినట్టు వాళ్ళు చేస్తే రెండు వార్డుల లెక్కలు కలవవు.

అనువాదానికి, ఇలాంటి ప్రశ్నావళులను మరో భాషకూ మరో సంస్కృతికీ మార్చడానికి బీటన్ అనే పరిశోధకురాలి బృందం 2000లో చెప్పిన పద్ధతే ఇప్పటికీ దారి. ఇద్దరు విడివిడిగా తెలుగు చేస్తారు, ఒకరికి వైద్యం తెలియాలి, ఒకరికి తెలియకూడదు. రెండూ కలిపి ఒకటి చేశాక, అసలు ప్రతి చూడని మరో ఇద్దరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి తెస్తారు. తర్వాత కమిటీ, ఆపైన 30–40 మంది రోగుల మీద పరీక్ష. ఇందులో జనం ఎక్కువగా నమ్మేది తిరుగు అనువాదాన్ని, మోసం చేసేదీ అదే. ‘మూత్ర విసర్జనపై నియంత్రణ’ అని రాస్తే తిరిగి ఇంగ్లీషులోకి అచ్చంగా అదే వస్తుంది, కమిటీ సంతోషిస్తుంది. విశాఖలోని మత్స్యకారుల పేట పెదజాలారిపేటలో మామ్మగారికి అది ఏ ముక్కా అర్థం కాదు. ‘మూత్రం ఆపుకోగలుగుతున్నారా అమ్మా, బట్టల్లోనే పడిపోతోందా?’ అంటే వెంటనే చెబుతుంది. అందుకే ఆ 30–40 మంది పరీక్షకే ఎక్కువ రోజులు పెట్టాలి. ప్రతి ప్రశ్న తర్వాత ‘నేనేం అడిగానో మీ మాటల్లో చెప్పండి’ అనాలి. ఊరికే ‘అర్థమైందా’ అంటే అందరూ ఆఁ అనే అంటారు.

జవాబుల అట్టను నిలువుగా అచ్చు వేయించండి. కుడి మెదడు దెబ్బతిన్నవాళ్ళలో కొందరికి ఎడమవైపు ఉన్నది గమనికలోకే రాదు. అడ్డంగా వేస్తే ఎడమ చివరి రెండు గడులు వాళ్ళ లెక్కలో లేనట్టే. మాట పడిపోయినవాళ్ళు వేలితో చూపించడానికీ నిలువు అట్టే అనువు. మాటపోయినవాళ్ళే ఎక్కువగా ఉంటే, వాళ్ళను దృష్టిలో పెట్టుకుని 2003లో వచ్చిన సాకోల్-39 అనే ప్రశ్నావళి మేలు.

‘ఇతరులకు భారమైపోయానని అనిపిస్తోందా’ అన్నది కోడలి ముందు అడగకూడదు. తోడొచ్చినవాళ్ళను మందుల కౌంటరు దగ్గరికి పంపాకే మనసు విభాగం తెరవాలి. వాళ్ళనే జవాబు చెప్పమంటే మామూలుగా రోగి చెప్పేదానికంటే పరిస్థితి కాస్త అధ్వాన్నంగా చెబుతారు. అందుకే ఎవరు చెప్పారో నమోదు చెయ్యండి, రెండు రకాల జవాబులూ ఒకే సగటులో కలపకండి.

ఆ తర్వాత అంకెల పరీక్ష. ఒక విభాగంలోని ప్రశ్నలు ఎంతవరకు ఒకదానితో ఒకటి పొంతనగా ఉన్నాయో చెప్పే అంకె క్రోన్‌బాక్ ఆల్ఫా, అది 0.70కి తగ్గకూడదు. 0.95 దాటితే ఒకే ప్రశ్నను పదిసార్లు అడుగుతున్నారేమో చూసుకోండి. రెండు వారాల తర్వాత మళ్ళీ అడిగి పోల్చేటప్పుడు నిలకడగా ఉన్నవాళ్ళనే తీసుకోవాలి. కొత్తగా పక్షవాతం వచ్చినవాళ్ళు ఆ రెండు వారాల్లోనే మారిపోతారు, నెపం ప్రశ్నావళి మీద పడుతుంది. 15 శాతం కంటే ఎక్కువమందికి అట్టడుగు మార్కో పూర్తి మార్కో వస్తే ఆ విభాగం వాళ్ళను సరిగ్గా కొలవట్లేదన్నమాట.

పాడేరు, అరకు వైపు నుంచి వచ్చేవాళ్ళలో చాలామందికి ఇంటి భాష కువి లేదా ఆదివాసీ ఒడియా. తెలుగు ఫారం చూసి అటెండరు నోటితో అప్పటికప్పుడు మార్చి చెప్పిన జవాబులను తెలుగు ప్రతి లెక్కల్లో వేయకూడదు. ఆ భాషలకు పైన చెప్పిన వరసంతా మళ్ళీ మొదటి నుంచి చేయాల్సిందే. ‘గత వారం’ అనే చోట మాత్రం ‘పోయిన సంత నుంచి’ అనండి, అక్కడ అది ఎవరికైనా తెలుస్తుంది.