తలుపుకు అంటించిన నోటీసు

2022 వేసవిలో మా వారికి డాలస్‌లో ఉద్యోగం రావడంతో న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి టెక్సస్‌లోని ఫ్రిస్కోకు మారాము. నేను పాత కంపెనీలోనే కొనసాగాను; ఇంటి నుంచి పనిచేయడానికి మేనేజరు ఒప్పుకున్నారు. అయితే హెచ్‌-1బి వీసా మీద ఉన్నవారికి మేనేజరు ఒప్పుకోవడం ఒక్కటే చాలదు. పనిచేసే చోటు ఒక మహానగర ప్రాంతం దాటి మరో ప్రాంతానికి మారితే, 2015లో సిమియో సొల్యూషన్స్ కేసులో వెలువడిన నిర్ణయం ప్రకారం, కంపెనీ వలస సేవల శాఖకు సవరించిన పిటిషన్ వేయాలి. దానికి ముందు కార్మిక శాఖకు కొత్త దరఖాస్తు పెట్టి, పనిచేసే చోట అందరికీ కనిపించేలా రెండు తావుల్లో 10 రోజులు ఆ దరఖాస్తు గురించిన నోటీసు ఉంచాలి. నేను పనిచేసే చోటు మా ఇల్లే కనుక, లాయరు పంపిన కాగితాన్ని ఒకటి వీధి తలుపుకు లోపలి వైపున, మరొకటి ఫ్రిజ్ మీద అంటించాను.

అప్పుడు మా దగ్గరికి తెనాలి నుంచి వచ్చి ఉన్న అమ్మ అది చూసి, "ఇంటికి నోటీసు అంటించారేమిటే, ఎవరికైనా బాకీ పడ్డారా?" అని కంగారుపడింది. అప్పు కట్టనివారి తలుపులకు బ్యాంకువాళ్ళు అంటించే నోటీసులే ఆమెకు తెలుసు. ఇది నా ఉద్యోగం కోసమేనని నచ్చజెప్పాను గానీ, ఆ కంగారు పూర్తిగా అకారణం కాదని రెండేళ్ళకు తెలిసింది.

2024లో కంపెనీ అందరూ వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాలనీ, పది వారాల్లోగా న్యూజెర్సీ చేరలేనివారు రాజీనామా చేయాలనీ ఆదేశించింది. ఉద్యోగం పోతే హెచ్‌-1బి మీద ఈ దేశంలో ఉండే వ్యవధి గరిష్ఠంగా 60 రోజులు. ఆలోగా మరో కంపెనీ నా కోసం పిటిషన్ వేయాలి. ఇల్లు మేలా ఆఫీసు మేలా అని నేను విన్న చర్చలన్నీ ప్రయాణ సమయం గురించో, పిల్లల సంరక్షణ గురించో, పనితీరు గురించో సాగాయి. కంపెనీ తానే నా ఇంటి చిరునామాను పనిచేసే చోటుగా ప్రభుత్వానికి రాసిచ్చి, ఆ మాటను నమ్మి మేము ఇల్లు కొనుక్కున్న తరువాత, పది వారాల్లో దాన్ని వెనక్కు తీసుకోవడం నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది.

గడువు తీరకముందే ఫ్రిస్కో పక్కనే ఉన్న ప్లేనోలో ఉద్యోగం దొరికింది. ఇప్పుడు వారానికి మూడు రోజులు ఆఫీసుకు వెళుతున్నాను, ఇష్టంగానే వెళుతున్నాను. ఇంట్లో కూర్చున్న ఆ రెండేళ్ళలో పనికి సంబంధం లేని ఇంగ్లీషు మాట ఒక్కటీ ఎవరితోనూ మాట్లాడిన గుర్తు లేదు. కూరల దుకాణం, గుడి, స్నేహితులు, అన్నీ తెలుగులోనే నడిచిపోయాయి. ప్లేనోలో చేరిన మొదటి ఏప్రిల్‌లో, భోజనాల బల్ల దగ్గర, ఈ ప్రాంతంలోనే పుట్టి పెరిగిన ఒక సహోద్యోగిని ఇంటి పన్ను కోసం కౌంటీ కట్టే విలువ మీద సాధారణంగా మే 15లోగా అభ్యంతరం చెప్పవచ్చునని చెప్పి, ఆ ఫారం ఎలా నింపాలో దగ్గరుండి చూపించారు. అంతకుముందు కౌంటీ వేసిన విలువకు మారుమాట లేకుండా పన్ను కట్టేశాము. ఇటువంటి సంగతులు అడిగితే ఎవరైనా చెబుతారు, కానీ అడగాలని తోచడానికైనా నలుగురి మధ్య కూర్చోవాలి.

అలాగని ఆఫీసు రోజుల్లో ఇంటి నుంచి పనిచేయడం తప్పిందీ లేదు. చలికాలంలో హైదరాబాద్ మాకంటే పదకొండున్నర గంటలు ముందుంటుంది. అక్కడి బృందంతో మాట్లాడాలంటే రాత్రి తొమ్మిదికి మళ్ళీ కంప్యూటరు తెరవాలి. ఆఫీసు తలుపు దగ్గర కార్డు చూపించిన రోజులనే లెక్కించే యాజమాన్యాలు ఈ రాత్రి గంటలను కూడా హాజరులో కలపాలని నా అభిప్రాయం.

ప్లేనో ఉద్యోగానికి సంతకం చేసే ముందు, పనిచేసే చోటును మార్చదలిస్తే ఆరు నెలల ముందుగా చెప్పాలని నియామక పత్రంలో రాయమని అడిగాను. మూడు నెలలకు ఒప్పుకున్నారు.