గొర్రెపిల్ల భుజం మీద ఉన్నంతసేపు

2018 వేసవిలో ఒక రాత్రి నేను ఒక దొంగ కాలు విరగ్గొట్టాను. ఆ ఒక్క దెబ్బ న్యాయమైనదా కాదా అన్నది తేలడానికి నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లలో నేను నేర్చుకున్నదంతా జీవాలు మేపుకునే ఎవరికైనా ముందే తెలిసి ఉండాల్సిన విషయం కాబట్టి, జరిగినది జరిగినట్టు రాస్తున్నాను.

మాది అనంతపురం జిల్లా. ఆ రోజుల్లో మా మందను ఒక రైతు చేలో ఎరువు కోసం నిలిపి, చుట్టూ ముళ్ళకంప దడి కట్టి, నేనూ మా బావమరిదీ దడి పక్కనే పడుకునేవాళ్లం. రాత్రి రెండు గంటలప్పుడు కుక్క అరుపుకు లేచి చూస్తే, దడి ఒక మూల తొలగించి ఉంది. ఒకడు కాళ్లు కట్టేసిన గొర్రెపిల్లను భుజాన వేసుకుని గట్టు వైపు పరుగెత్తుతున్నాడు, ఇంకొకడు అక్కడ మోటారు సైకిలు స్టార్టు చేసి ఉంచాడు. నేను వెంటపడి చేతికర్రతో కాలి మీద ఒక దెబ్బ కొట్టాను. వాడు పిల్లతో సహా కూలబడ్డాడు, బండి మీదున్నవాడు వెళ్లిపోయాడు. మా బావమరిది రెండో దెబ్బకు కర్ర ఎత్తాడు గానీ, నేను అడ్డం పడి ఆపాను. ఆపింది దయతో కాదు, వాడు చచ్చిపోతే మన గతేమిటన్న భయంతో. ఏ కారణంతో ఆపినా, ఆ పడని దెబ్బే తరువాత నన్ను కాపాడింది.

పారిపోకుండా వాడి చేతులు తువ్వాలుతో కట్టి, మూడు గంటలకు పోలీసులకు ఫోన్ చేశాం. స్టేషన్ దూరం. జీపు ఏడింటికి వచ్చింది. నేను దొంగతనం ఫిర్యాదు ఇచ్చి, పని అయిపోయిందనుకుని ఇంటికి వచ్చాను. మర్నాడు తెలిసింది, వాడు ఆసుపత్రిలో ఇచ్చిన వాంగ్మూలం మీద నా మీద కూడా కేసు కట్టారని. మొదట భారత శిక్షాస్మృతి 324, 342 సెక్షన్లు, అంటే ఆయుధంతో గాయపరచడం, అక్రమంగా నిర్బంధించడం. ఎక్స్‌రేలో ముంగాలి ఎముక విరిగిందని తేలాక 324 స్థానంలో 325 వచ్చింది. ఎముక విరిగితే చట్టం దృష్టిలో అది తీవ్ర గాయం, దానికి ఏడేళ్ల దాకా జైలు శిక్ష వేయవచ్చు. బెయిలు ఇవ్వదగిన సెక్షన్లే కాబట్టి పూచీకత్తు మీద స్టేషన్‌లోనే వదిలారు. అయితే నా గొర్రెను ఎత్తుకుపోతున్నవాడికీ నాకూ ఒకే కోర్టులో ఒకే రోజు వాయిదా పడడం నాకు చాలాకాలం మింగుడుపడలేదు.

వకీలు దగ్గర మొదటిరోజే నేను ఒక తెలివితక్కువ పని చేశాను. వాడి చేతిలో కొడవలి ఉందని చెబితే కేసు తేలిపోతుందేమో అని అడిగాను. ఆయన కాగితాలు పక్కన పెట్టి, పంచనామాలో కొడవలి లేదు, రేపు నువ్వు చెప్పే నిజం కూడా ఆ కొడవలితో పాటే పోతుంది అన్నారు. తరువాత సెక్షన్లు ఒక్కొక్కటే విప్పి చెప్పారు.

అప్పటి శిక్షాస్మృతి 97వ సెక్షన్ ప్రకారం దొంగతనం, దోపిడీ, ఆస్తి ధ్వంసం, అక్రమ ప్రవేశం అనే నాలుగింటి నుండి తన ఆస్తినే కాదు, పక్కవాడి ఆస్తిని కూడా రక్షించుకునే హక్కు ప్రతి మనిషికీ ఉంది. గొర్రె దడి దాటి వెళ్లనక్కరలేదు, కాజేసే ఉద్దేశంతో దాన్ని ఉన్నచోటు నుండి కదిలిస్తే చాలు, దొంగతనం పూర్తయినట్టే. అంతవరకు విని నాకు ప్రాణం లేచివచ్చింది. ఆయన అక్కడితో ఆగలేదు. 99వ సెక్షన్ ఈ హక్కుకు రెండు ముకుతాళ్లు వేసింది. పోలీసుల సాయం పొందడానికి వ్యవధి ఉన్నప్పుడు ఈ హక్కు లేదు, హక్కు ఉన్నప్పుడు కూడా రక్షణకు అవసరమైనంత కంటే ఎక్కువ హాని చేయకూడదు. ప్రాణం తీసేదాకా పోవడానికి 103వ సెక్షన్ కొన్ని సందర్భాల్లోనే ఒప్పుకుంటుంది. దోపిడీ, రాత్రిపూట ఇంటికి కన్నం వేయడం, మనుషులు నివసించే లేదా వస్తువులు దాచుకునే కట్టడానికి నిప్పు పెట్టడం, ఇవి కాక చావో తీవ్రగాయమో తప్పదన్న సహేతుకమైన భయం కలిగించే రీతిలో జరిగే దొంగతనం, ఆస్తి ధ్వంసం, గృహ అక్రమ ప్రవేశం. మామూలు దొంగతనానికి 104వ సెక్షన్ వర్తిస్తుంది, అంటే చావు తప్ప మరే హానికైనా అవకాశం ఉంది, అదీ 99 గీసిన గీత లోపలే.

నేను అమాయకంగా, మా దడి ఇల్లు కిందికి రాదా అని అడిగాను. గోడలూ కప్పూ ఉన్న కొట్టం అయితే వస్తువులు భద్రపరిచే కట్టడమని వాదించవచ్చు గానీ, చేలో వేసిన ముళ్ళకంప బయలు కిందికే వస్తుందన్నారు. బయలు భూమిలోకి అక్రమంగా వచ్చినవాడి ప్రాణం తీసే హక్కు లేదని 2002లో జస్సా సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందట. ఆ రాత్రి కర్ర కాలికి కాక తలకు తగిలి ఉంటే నా కథ ఎటు పోయేదో అప్పుడు అర్థమైంది. మంచి ఉద్దేశంతోనే హద్దు దాటినా, 300వ సెక్షన్ రెండో మినహాయింపు కింద అది హత్య కాకుండా పోతుందే తప్ప నేరం కాకుండా పోదు.

మా కేసు అంతా చివరికి 105వ సెక్షన్ మీద నిలబడింది. దొంగ సొత్తుతో తప్పించుకుపోయేదాకా, లేదా పోలీసుల సాయం అందేదాకా, లేదా సొత్తు తిరిగి దక్కేదాకా మాత్రమే ఆస్తిరక్షణ హక్కు ఉంటుంది. నేను కొట్టేసరికే వాడు పిల్లను కింద పడేశాడని ప్రాసిక్యూషన్ వాదన. అదే నిజమైతే నా సొత్తు నాకు దక్కినట్టే, ఆ తరువాత పడినది రక్షణ దెబ్బ కాదు, కసి దెబ్బ. క్రాస్ ఎగ్జామినేషన్ అంతా గొర్రెపిల్ల ఏ క్షణంలో నేలకు తగిలిందన్న దాని చుట్టూనే తిరిగింది. జేబులో ఫోన్ ఉండగా ముందు పోలీసులకెందుకు చెప్పలేదని కూడా అడిగారు. ఫోన్ తీసి నంబరు నొక్కేలోపు బండి రోడ్డెక్కేదని నేను చెప్పాను.

ఈ హక్కును రుజువు చేసుకునే భారం అప్పటి సాక్ష్యాధార చట్టం 105వ సెక్షన్ ప్రకారం ముద్దాయిదే అయినా, సందేహానికి తావు లేకుండా రుజువు చేయనక్కరలేదు, అలా జరిగి ఉండే అవకాశమే ఎక్కువని చూపితే చాలు. 2010 నాటి దర్శన్ సింగ్ తీర్పును మా వకీలు ఆ సందర్భంలోనే చదివి వినిపించారు. ఆపదలో ఉన్నవాడు తన దెబ్బను బంగారం తూచినట్టు తూచి కొట్టలేడన్నది సుప్రీంకోర్టు చాలాకాలంగా చెబుతున్న మాట. అయినా మాకు అసలు అండ పంచనామాయే. విరిగిన కర్ర, రక్తపు మరక, కాళ్లు కట్టేసి ఉన్న గొర్రెపిల్ల మూడూ ఒకే చోట ఉన్నాయని అందులో రాసి ఉంది. ఆ ఉదయం పిల్ల కట్లు విప్పబోయిన మా బావమరిదిని ఒక ముసలి కానిస్టేబుల్ వారించి ఉండకపోతే ఆ వాక్యమే ఉండేది కాదు.

నిర్బంధం అభియోగం మీద పెద్దగా వాదన నడవలేదు. పోలీసులు నేరుగా కేసు పెట్టి అరెస్టు చేయదగిన, బెయిలు హక్కుగా రాని నేరం కళ్లముందు చేసినవాణ్ని మామూలు పౌరుడు కూడా పట్టుకోవచ్చు, ఆలస్యం చేయకుండా అప్పగించాలి. అప్పటి చట్టంలో దొంగతనం అలాంటి నేరమే. మేము మూడింటికే ఫోన్ చేసిన దాఖలా ఉంది, కట్టేశాక ఒక్క దెబ్బ కూడా వేయలేదని గాయాల సర్టిఫికెట్టే చెప్పింది. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టంలో ఈ అప్పగింతకు ఆరు గంటల గడువు పెట్టారు. ఆస్తిరక్షణ హక్కు ఇప్పుడు, శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుండి 44 వరకు ఉన్న సెక్షన్లలోకి మారింది గానీ, సారం మారలేదు.

2022లో రెండు కేసుల తీర్పులూ ఒకే రోజు వచ్చాయి. వాడికి దొంగతనం కింద శిక్ష పడింది, నన్ను నిర్దోషిగా వదిలారు. ఆ తరువాత మా ఊళ్లో ఒకాయన దొడ్డి చుట్టూ కరెంటు తీగ లాగుదామా అని సలహాకు వచ్చాడు. తీగకు దొంగా, దారి తప్పిన పిల్లవాడూ ఒకటేనని, ఎవరు పోయినా జైలుకు వెళ్లేది నువ్వేనని చెప్పి పంపాను.

గొర్రెపిల్ల సంగతి మిగిలింది. అది కేసు సొత్తు కాబట్టి, అమ్మననీ కోయననీ పిలిచినప్పుడు హాజరు పరుస్తాననీ బాండు రాసి కోర్టు నుండి తెచ్చుకున్నాను. విచారణ నాటికి అది రెండు ఈతలు ఈనింది. ఫొటోలు చాలన్నారు గనుక కోర్టు మెట్లెక్కే పని దానికి తప్పింది. బాండు రద్దయ్యేనాటికి దాని సంతానమే మందలో అయిదు తలలైంది.