కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చున్న కుర్చీ: ఒక బొమ్మ వేసిన అనుభవం

పొద్దస్తమానం మనుషుల్ని మోసిన కుర్చీకి కూడా కాసేపు కూర్చోవాలని ఉండదా? ఈ ఊహే నా కొత్త బొమ్మ. ఒక కుర్చీ చిన్న పీట మీద కూర్చుని, ముందరి కాళ్ళు రెండూ మోకాళ్ళ దగ్గర వంచి, బకెట్ నీళ్ళలో పెట్టుకుని సేద తీరుతుంటుంది.

నేను ఎక్కడా చిత్రకళ చదువుకోలేదు, చూసి, వేసి, మళ్ళీ చూసి నేర్చుకున్నదే. ఈ దారిలో నాకు ధైర్యం ఇచ్చినవాడు కలల్లాంటి వింత బొమ్మలు వేసిన ఫ్రెంచి చిత్రకారుడు ఈవ్ టాంగీ. ఆయనా ఏ స్కూల్లోనూ నేర్చుకోలేదు, ఇటలీ చిత్రకారుడు జార్జియో డి కిరికో బొమ్మ ఒకటి కంటపడ్డాక కుంచె పట్టాడు.

వింత ఊహ రావడం తేలికే. చూసేవాళ్ళు దాన్ని నమ్మాలంటే మిగతాదంతా నిజంలా ఉండాలి. బెల్జియం చిత్రకారుడు మాగ్రిట్ 1938లో వేసిన బొమ్మలో గోడలోని పొయ్యిలోంచి రైలింజను దూసుకొస్తుంది కదా, దాని పొగ మాత్రం బుద్ధిగా చిమ్నీలోకే పోతుంది. ఆ పొగ వల్లే నేను ఆ రైలుని నమ్మేస్తాను.

అందుకే రంగులు ముట్టుకునే ముందు ఒక చెక్క స్టూలు కాళ్ళు నిజంగానే బకెట్లో ముంచి, పక్కన దీపం పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. నిలువుగా దిగిన కాలు పొట్టిగా కనిపిస్తుంది, ఏటవాలుగా దిగినదైతే నీటి అంచు దగ్గర విరిగినట్టు ఉంటుంది. చెక్క నీళ్ళు పీల్చుకుంటుంది కాబట్టి తడి గీత నీటిమట్టం దగ్గరే ఆగదు, ఇంకాస్త పైకి పాకుతుంది, ఆ పాకినంత మేరా రంగు ముదురుతుంది. ఇవన్నీ పెన్సిల్‌తో గీసి పెట్టుకున్నాను.

అన్నిటికన్నా ఎక్కువ సమయం తీసుకున్నది మోకాలు. చెక్కకి మోకాలు ఉండదు, మరి వంగితే ఎలా ఉంటుంది? జర్మన్ చిత్రకారుడు మాక్స్ ఎర్న్‌స్ట్ 1925లో నేల పలకల మీద కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్ది, అందులో తేలిన చారల్లోంచి బొమ్మలు తీశాడు, ఫ్రొటాజ్ అంటారు దాన్ని. నేనూ స్టూలు మీద అలాగే రుద్ది, ఆ చారల్ని ట్రేసింగ్ పేపర్ మీదకి ఎత్తుకుని, మోకాలి దగ్గర వంపు తిప్పుతూ పోయాను. వంపు లోపలివైపు చారలు దగ్గరకి ముడుచుకోవాలి, బయటివైపు విడిపోవాలి, మన మోకాలి చర్మంలాగే. ఆ ఒక్కటి కుదరగానే కుర్చీకి ప్రాణం వచ్చేసింది, నాకైతే ఎంత సంతోషమేసిందో!

రంగులు అక్రిలిక్. ముందు గోధుమరంగు ఒక్కదానితోనే వెలుగునీడలు మొత్తం తేల్చుకుని, తర్వాత మీడియం (రంగుని పల్చన చేసే ద్రవం) కలిపిన పల్చటి పొరలు ఒకదాని మీద ఒకటి వేశాను. అక్రిలిక్ ఆరాక కొంచెం ముదురుతుంది కాబట్టి నీళ్ళ రంగు కావాల్సినదానికన్నా ఒక మెట్టు లేతగా కలుపుకోవాలి. వెలుగు ఎడమవైపు నుంచి అనుకుంటే కుర్చీ నీడ, పీట నీడ, బకెట్ నీడ అన్నీ కుడివైపుకే పడాలి, ఇందులో సరదాకి చోటు లేదు. కుర్చీకి మొహం పెట్టమని ఇంట్లోవాళ్ళు అడిగారు గానీ నేను ఒప్పుకోలేదు, కాస్త వెనక్కి వాలిన వీపు చాలు, అలసట దాంట్లోనే తెలుస్తోంది.

ఇప్పుడు గొడుగు వర్షంలో తడవకుండా ఇంకో గొడుగు పట్టుకున్న బొమ్మ మొదలుపెట్టాను. తడిసిన గుడ్డ మీద నీటి చుక్క ఎలా జారుతుందో ముందు చూడాలి.