బౌద్ధ దీక్ష తీసుకున్నాక ఇంట్లో ఏం మారుతుంది?

దీక్షకు పెద్ద తతంగమేమీ ఉండదు. తెల్లబట్టలు కట్టుకుని బుద్ధుడి విగ్రహం ముందు కూర్చుంటారు. భిక్షువు ఒక్కో వాక్యం చెబుతుంటే వెంట పలకాలి. ముందు బుద్ధుడికి నమస్కారంగా 'నమో తస్స భగవతో అరహతో సమ్మాసంబుద్ధస్స' మూడుసార్లు. తర్వాత బుద్ధుణ్ని, ధర్మాన్ని, సంఘాన్ని శరణు కోరే త్రిశరణాలు, అవీ మూడు విడతలే: రెండో విడతలో ప్రతి వాక్యం ముందు 'దుతియంపి', మూడో విడతలో 'తతియంపి' చేరుతుంది. ఆపైన పంచశీలాలు, అంటే ఐదు నడవడి నియమాలు. అంబేద్కర్ బాటలో వచ్చేవాళ్లు వీటికి ఆయన రూపొందించిన 22 ప్రతిజ్ఞలు కలుపుతారు.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో జరిగిందీ ఇదే వరస. అంబేద్కర్, ఆయన భార్య సవితా అంబేద్కర్ భిక్షు చంద్రమణి దగ్గర శరణాలు, శీలాలు తీసుకున్నారు. ఆ తర్వాత అక్కడున్న లక్షలాది మంది చేత ప్రతిజ్ఞలు చేయించింది అంబేద్కరే. హిందువుగా చావనని ఆయన మహారాష్ట్రలోని యేవలాలో అన్నది 1935లో. అంటే మధ్యలో 21 ఏళ్లు. సభలో ఊపు మీద చేతులెత్తేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకుంటే బాగుంటుంది.

22 ప్రతిజ్ఞలనూ ముందే ఇంటికి తెచ్చుకుని, ఇంటిల్లిపాదీ కూర్చుని చదవండి. దేవుళ్లను కొలవననే మొదటి మూడింటి గురించే అందరూ వాదించుకుంటారు. నిజంగా ఇరుకున పెట్టేవి ఆరోది, ఎనిమిదోది: శ్రాద్ధం పెట్టను, పిండదానం చేయను, బ్రాహ్మణుల చేత ఏ క్రతువూ చేయించను. వీటి బరువు ఇంట్లో చావు జరిగినప్పుడు తెలుస్తుంది. దినం రోజు పిండం పెట్టి కాకి కోసం ఎదురుచూడకపోతే మేనత్తలు, బాబాయిలు ఊరుకోరు. 'మేం చేయం' అని మాత్రమే చెబితే గొడవ ముదురుతుంది. దానికి బదులు ఏం చేస్తారో ముందే చెప్పాలి.

శ్రీలంక లాంటి చోట్ల పాటించే థేరవాద బౌద్ధ పద్ధతిలో అందుకు చక్కటి ఏర్పాటుంది. ఏడో రోజున భిక్షువులకు భోజనం పెడతారు. బంధువులంతా కూర్చుని ఒక చెంబులోని నీళ్లను పళ్లెంలోని గిన్నెలోకి, అది నిండి పొర్లేదాకా సన్నగా పోస్తారు. ఆ పుణ్యం చనిపోయినవాళ్లకు చెందాలని 'ఇదం మే ఞాతీనం హోతు' అంటారు. చేతికి పని, నోటికి మాట ఉంటే పెద్దవాళ్లూ కలిసివస్తారు. మన జిల్లాల్లో భిక్షువులు దొరకడం కష్టం కాబట్టి పాళీ పాఠాలు పలకగల ఉపాసకుడు (సంసారంలో ఉన్న బౌద్ధుడు) ఒకరుంటే మేలు.

ఇక ఐదో శీలం, మత్తు మానడం. బోనాలకు, పెళ్లిళ్లకు, ఆఖరికి చావుకీ కల్లో మందో పారే చోట ఇది తేలిక కాదు. 'ఈ ఒక్కరోజుకీ' అన్న మినహాయింపుతోనే ఎక్కువమంది జారిపోతారు. తప్పితే శిక్ష వేసేవాళ్లెవరూ లేరు. పున్నమి రోజున శీలాలు మళ్లీ తీసుకోవడమే పద్ధతి.

కాగితాల సంగతి వేరు. ఎస్సీ కులాల జాబితా ఇచ్చిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మొదట్లో దాదాపుగా హిందువులకే ఎస్సీ హోదా ఉండేది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. కాబట్టి దీక్షతో హోదా పోదు. పొరపాటు జరిగేది దరఖాస్తులో: కులం వదిలేశామని ఆ గడి ఖాళీగా పెడతారు, లేదా అక్కడ కూడా 'బౌద్ధ' అని రాస్తారు. ఎస్సీ జాబితాలో ఉన్నవి మాల, మాదిగ లాంటి కులాల పేర్లు. అందులో లేని పేరు మీద ధ్రువపత్రం రాదు. మతం గడిలో బౌద్ధం, కులం గడిలో కులం. చేదుగానే ఉంటుంది, తప్పదు. తల్లిదండ్రుల పాత పత్రాలు, బడి రికార్డులు దాచుకోండి. చర్చి నుంచి వచ్చేవాళ్ల రికార్డుల్లో బీసీ-సీ (క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను చేర్చే వర్గం) అని ఉంటే ఎస్సీ పత్రం అంత సులువుగా రాదు. ముందే వకీలును కలవాలి.

పెళ్లికి బౌద్ధులకూ 1955 హిందూ వివాహ చట్టమే వర్తిస్తుంది. తాళి, సప్తపది లేకుండా త్రిశరణ పంచశీలాలతో చేసుకున్న పెళ్లిని రేపు ఎవరైనా కోర్టులో ప్రశ్నించవచ్చు. అందుకే ఆలస్యం చేయకుండా రిజిస్టర్ చేయించి, ఫొటోలు, సాక్షుల సంతకాలు భద్రపరచుకోండి. ఆ అనుమానం కూడా వద్దనుకుంటే మతంతో పనిలేని ప్రత్యేక వివాహ చట్టం ఉంది. దానికి 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి.