దండం కాదండీ, సాయం అడిగాను

విషవాయువు సోకకుండా తొడుక్కునే రక్షణ సూటు విప్పి ఒక రోజు గడిచినా రబ్బరు వాసన నా చేతులను ఇంకా వదలలేదు. రాయగడ జిల్లాలో నేను పనిచేసే కర్మాగారంలో నీటి శుద్ధికి దాదాపు 900 కిలోల వాయువు పట్టే క్లోరిన్ టన్నర్లు, అంటే పెద్ద సిలిండర్లు, వాడతారు. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నియమాల ప్రకారం ఆరు నెలలకొకసారి మాక్ డ్రిల్, అంటే ప్రమాదం జరిగినట్టు ఊహించుకొని చేసే కసరత్తు, జరపాలి కనుక, ఈసారి అత్యవసర బృందంలో నా పేరు చేర్చారు.

వైద్య పరీక్ష అరగంటలో ముగిసింది. మాస్కు అంచు ముఖానికి సందు లేకుండా అతుక్కోవాలంటే గడ్డం ఉండకూడదన్నారు, గీయించుకున్నాను. గుబురు గడ్డంతో మాకు ఆజ్ఞలిచ్చే పర్యవేక్షకుణ్ణి మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. సూటులో గాలి నింపి, నాలుగు నిమిషాల్లో ఒత్తిడి ఎంత తగ్గిందో నా ఎదుటే చూశారు. అందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు.

మేము తొడుక్కున్నది లెవెల్ ఎ రకం. గాలి సిలిండరు, మాస్కుతో సహా మనిషి మొత్తం లోపలే ఉంటాడు. మా సూటు జిప్పును బయటివాడే తీయాలి. ఆరు లీటర్ల సిలిండరులో 300 బార్ల ఒత్తిడి వద్ద సుమారు 1800 లీటర్ల గాలి పడుతుంది. నిమిషానికి 40 లీటర్ల చొప్పున 45 నిమిషాలు రావాలి గానీ, మే నెల ఎండలో, చెమట బయటికి పోని సూటులో, ఆయాసపడుతూ పీల్చేవాడికి ఆ లెక్క నిలవదు. పైగా బయటికి వచ్చాక ఒళ్ళు కడిగించుకునేంతసేపూ అదే గాలి పీల్చాలి. తొడుక్కోవడం మూడు రోజులు నేర్పినవారు ఈ మాట ఒక్కసారీ చెప్పలేదు.

కారుతున్నట్టు ఊహించిన వాల్వు మీద టోపీ బిగించి, షవరు కింద నిలబడేదాకా అంతా సవ్యంగానే సాగింది. సహాయకుడు నా తోటివాడి జిప్పు తీశాడో లేదో, డ్రిల్లు చూడవచ్చిన అతిథులతో ఫోటోకు ఒక మనిషి తక్కువయ్యాడంటూ ఒక అధికారి అతణ్ణి పిలుచుకుపోయారు. అంతలో నా సిలిండరు ఈల వేసింది. 55 బార్ల దగ్గర మోగే ఆ ఈలకు అర్థం, మహా అయితే ఎనిమిది నిమిషాల గాలి మిగిలిందని. కళ్ళ ముందు అద్దానికి ఆవిరి పట్టింది, బూట్లలో చెమట నిలిచింది, అరిస్తే నా అరుపు నాకే వినిపించింది. సాయం కావాలంటే చూపమని నేర్పిన సైగ ప్రకారం రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాను. ముఖ్య అతిథి నేను దండం పెడుతున్నాననుకొని, నవ్వుతూ తిరిగి దండం పెట్టారు. ఆయనను చూసి పక్కనున్నవారు చప్పట్లు కొట్టారు! నేను చేతులు దించలేదు, వారు చప్పట్లు ఆపలేదు.

చివరికి గుణుపురం నుంచి వచ్చే మా ఫిట్టరు మామయ్య ఈల పోల్చుకొని పరుగెత్తుకొచ్చి, "కంగారు పడకురా అల్లుడూ" అంటూ జిప్పు లాగాడు. మైనం రాయని ఆ జిప్పు రెండుచోట్ల పట్టేసింది. మాస్కు తీయగానే చెవిన పడింది జనం నవ్వు.

సూటు చేతిలోంచి మన చేతిని లోపలికి లాక్కొని గేజి చూసుకోవచ్చని, అద్దం తుడుచుకోవచ్చని ఆ సాయంత్రం మామయ్య చెబితేనే తెలిసింది. ఈ పనికి వెళ్ళేవారు తమ జిప్పు తీసేవాడెవరో ముందే కాగితం మీద రాయించుకోవాలి. ఫోటోల పిచ్చి ఉన్నవాణ్ణి ఒప్పుకోవద్దు.

రిజిస్టరులో డ్రిల్లు సంతృప్తికరమని రాసి నా ముందు పెట్టారు. నేనింకా సంతకం చేయలేదు.