పార్లమెంటు అధ్యాయం: అధికరణాల వరుసలో కాకుండా సభా సమయం లెక్కలో చదివిన అనుభవం

సివిల్స్‌కూ గ్రూప్‌-1కూ చదివేవారిలో ఎక్కువమంది పార్లమెంటు అధ్యాయాన్ని 79వ అధికరణంతో మొదలుపెట్టి 122తో ముగిస్తారు. ప్రిలిమ్స్ వరకు ఆ పద్ధతికి వంక పెట్టనక్కర్లేదు. రాజ్యసభ గరిష్ఠ సంఖ్య 250, ప్రస్తుత సంఖ్య 245, లోక్‌సభలో ఎన్నికయ్యే స్థానాలు 543, కోరం (సభ నడవడానికి ఉండాల్సిన కనీస హాజరు) పదో వంతు. ఇవి బట్టీ పట్టాల్సినవే, వీటి గురించి అంతకుమించి చెప్పేదీ లేదు. మెయిన్స్‌లో అడిగేది వేరు. ఈ సభలు తమకు అప్పగించిన పని చేయగలుగుతున్నాయా, చేయలేకపోతే అడ్డం ఎక్కడ పడుతోంది అన్నది అక్కడి ప్రశ్న. ఆ జవాబు కోసం నేను అధ్యాయం మొత్తాన్ని ఒకే కోణంలో, అంటే సభా సమయం ఎవరి చేతిలో ఉందన్న కోణంలో, మళ్లీ చదివాను.

85వ అధికరణం ప్రకారం సభలను సమావేశపరిచేది రాష్ట్రపతి. ఆచరణలో తేదీలు నిర్ణయించేది మంత్రివర్గం. రెండు సమావేశాల మధ్య ఆరు నెలల విరామం మించకూడదని ఉంది కానీ, ఏడాదికి కనీసం ఎన్ని రోజులు కూర్చోవాలో రాజ్యాంగంలో ఎక్కడా లేదు. మొదటి లోక్‌సభ 677 రోజులు సమావేశమైతే, 2019-24 నాటి 17వ లోక్‌సభ 274 రోజులు మాత్రమే సమావేశమైంది. ఇందులో కోవిడ్ వాటా కొంత ఉన్న మాట నిజమే అయినా, తగ్గుదల అంతకు చాలా ముందే మొదలైంది. బ్రిటన్ కామన్స్ సభలో ఒక సెషన్‌కు 20 రోజుల చర్చనీయాంశాన్ని ప్రతిపక్షాలే ఎంచుకుంటాయి. మన దగ్గర అలాంటి కేటాయింపు లేదు. లోక్‌సభ శుక్రవారపు కార్యక్రమాల జాబితాను ఒకసారి తెరిచి చూడండి: మంత్రులు కాని సభ్యుల బిల్లులకు, తీర్మానాలకు దక్కేది చివరి రెండున్నర గంటలు. సభ వాయిదా పడితే అదీ పోతుంది. స్వతంత్ర భారతంలో చట్టరూపం దాల్చిన ప్రైవేటు సభ్యుల బిల్లులు 14 మాత్రమేనని, చివరిది 1970 నాటిదని గుర్తుపెట్టుకుంటే, ఆ రెండున్నర గంటల విలువ ఎంతో వేరే వివరించాల్సిన పని ఉండదు. చర్చకు అంశాన్ని తెచ్చే దారి లేని పక్షం నిరసనగా వెల్‌లోకి, అంటే స్పీకర్ స్థానం ముందున్న ఖాళీ స్థలంలోకి, వెళుతుంది. సభా స్తంభనను సభ్యుల క్రమశిక్షణ సమస్యగా మాత్రమే రాసే జవాబులు నాకు అసంపూర్ణంగా అనిపించేది ఇందుకే.

బిల్లుల పరిశీలన విషయంలోనూ ఇదే లెక్క పనిచేస్తుంది. 1993లో ఏర్పడిన శాఖా స్థాయీ సంఘాలు ఇప్పుడు 24. ఒక్కోదానిలో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది సభ్యులుంటారు. అక్కడ కెమెరాలుండవు, విప్ (ఇలా ఓటేయాలన్న పార్టీ ఆదేశం) వర్తించదు, అధికారులను, నిపుణులను పిలిచి అడిగే వీలుంటుంది; అందుకే పార్టీ గీతలు దాటిన మాట వినిపిస్తే గిస్తే అక్కడే వినిపిస్తుంది. అయితే బిల్లును సంఘానికి పంపి తీరాలన్న నిబంధన లేదు. పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ లెక్కల ప్రకారం 15వ లోక్‌సభలో 71 శాతం బిల్లులు సంఘాల ముందుకు వెళ్లగా, 17వ లోక్‌సభలో ఆ వాటా 16 శాతానికి పడిపోయింది. బడ్జెట్ సంగతి ఇంకా విచిత్రం: 2018లోనూ 2023లోనూ ఒక్క శాఖ పద్దుపైనా లోక్‌సభలో చర్చ జరగకుండానే అన్నీ గిలటిన్ అయ్యాయి, అంటే అన్నిటినీ ఒకేసారి ఓటుకు పెట్టి ముగించారు.

రాజ్యసభ బలాబలాలు తెలియాలంటే, ఒక బిల్లుపై రెండు సభలూ విభేదించినప్పుడు కలిసి కూర్చుని ఓటేసే సంయుక్త సమావేశం కంటే మంచి ఉదాహరణ దొరకదు. 108వ అధికరణం కింద ఇప్పటిదాకా అవి మూడే జరిగాయి: 1961లో వరకట్న నిషేధ బిల్లుకు, 1978లో బ్యాంకింగ్ సర్వీస్ కమిషన్ రద్దు బిల్లుకు, 2002లో ఉగ్రవాద నిరోధక ‘పోటా’ బిల్లుకు. మూడోదాన్ని నేను వివరంగా నోట్సు రాసుకున్నాను. ఆ మార్చిలో రాజ్యసభ బిల్లును తిరస్కరించింది. అదే నెల 26న ఉభయ సభలు కలిసి కూర్చుంటే 425-296తో నెగ్గింది. స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి ఆ నెల 3న హెలికాప్టర్ ప్రమాదంలో మరణించడంతో డిప్యూటీ స్పీకర్ పి.ఎం. సయీద్ అధ్యక్షత వహించారు. 17వ లోక్‌సభ పూర్తి కాలం డిప్యూటీ స్పీకర్ లేకుండానే గడిచిందని, 93వ అధికరణంలో ‘వీలైనంత త్వరగా’ ఎన్నుకోవాలని ఉందని చదివినప్పుడు, ఆ పదవి అలంకారం కాదని చెప్పడానికి ఈ ఒక్క సంఘటన చాలు. రాజ్యాంగ సవరణలకు ఈ సంయుక్త మార్గం లేదు కాబట్టే 1989లో పంచాయతీల బిల్లును రాజ్యసభ ఆపగలిగింది. ద్రవ్య బిల్లు (పన్నులు, ప్రభుత్వ ఖర్చుల వంటి విషయాలకే పరిమితమైన బిల్లు) దగ్గరికొచ్చేసరికి ఆ సభకు మిగిలేది 14 రోజులు, కొన్ని సిఫారసులు. 2016లో ఆధార్ బిల్లుకు రాజ్యసభ సూచించిన సవరణలను లోక్‌సభ అదే రోజు తోసిపుచ్చింది. దాన్ని ద్రవ్య బిల్లుగా పరిగణించడాన్ని 2018లో సుప్రీంకోర్టు 4-1 మెజారిటీతో సమర్థించగా, జస్టిస్ డి.వై. చంద్రచూడ్ ఒక్కరే విభేదించారు. ఆ భిన్నాభిప్రాయాన్ని రెండు వాక్యాల్లో చెప్పగలిగేలా సిద్ధం చేసుకోండి.

మన రాష్ట్రాల అభ్యర్థులకు చేతికందే ఉదాహరణ 2014 నాటి పునర్వ్యవస్థీకరణ బిల్లు. శాసనసభ దాన్ని తిరస్కరించినా, 3వ అధికరణం కింద అసెంబ్లీకి దక్కేది అభిప్రాయం చెప్పే అవకాశమే కాబట్టి పార్లమెంటు ముందుకు సాగింది. ఫిబ్రవరి 18న ప్రత్యక్ష ప్రసారం నిలిచిపోయిన లోక్‌సభలో మూజువాణి ఓటుతో బిల్లు ఆమోదం పొందింది. సమాఖ్య విధానంపైనా సభా నిర్వహణపైనా ఇది పనికొస్తుంది. ఏ ప్రాంతం వారైనా రాసేటప్పుడు అందులో పక్షం వహించకుండా, జరిగిన క్రమం మాత్రమే రాయాలి. దిద్దేవారు ఏ జిల్లావారో మనకు తెలియదు కదా.

సంస్కరణలు అడిగితే నేను కనీస పనిదినాలతోనే మొదలుపెట్టేవాణ్ణి. జస్టిస్ వెంకటాచలయ్య అధ్యక్షతన రాజ్యాంగ పనితీరును సమీక్షించిన కమిషన్ 2002లో లోక్‌సభకు ఏడాదికి 120, రాజ్యసభకు 100 రోజులు సూచించింది. ఆ తర్వాతి స్థానం బిల్లులను సంఘాలకు తప్పనిసరిగా పంపడానిది. ఫిరాయింపుల చట్టంలో విప్‌ను విశ్వాస, ద్రవ్య తీర్మానాలకే పరిమితం చేయాలన్న వాదన, పది మార్కుల జవాబులో చోటు మిగిలితేనే.