కుడి అంచున మూడు తుపాకీ గొట్టాలు

రెండో సంవత్సరంలో ఒక మధ్యాహ్నం మాకు గ్రాఫిక్స్, అంటే అచ్చు చిత్రకళ, నేర్పే మాస్టారు ప్రెస్ పక్కనున్న కిటికీ దగ్గర ఒక పాత పుస్తకం తెరిచి, మమ్మల్నందరినీ చుట్టూ నిలబెట్టారు. 1808లో నెపోలియన్ సేనలు స్పెయిన్‌ను ఆక్రమించాక ఆరేళ్ళు సాగిన యుద్ధాన్నీ, ఆ రోజుల్లో మాడ్రిడ్‌ను పీడించిన కరువునూ స్పెయిన్ చిత్రకారుడు ఫ్రాన్సిస్కో గోయా 1810 నుంచి సుమారు పదేళ్ళపాటు రాగి రేకుల మీద చిత్రించాడు. ‘యుద్ధ బీభత్సాలు’గా పేరొందిన ఆ వరుసలో 15వ చిత్రం ఆనాడు మా ముందున్నది. దాని కింద ‘ఇక చేయగలిగిందేమీ లేదు’ అనే అర్థం వచ్చే స్పానిష్ మాట ఉంది.

“కాల్చేవాళ్ళు ఎక్కడున్నారు?” అని మాస్టారు అడిగితే, వెనక వరుసలో గురిపెట్టి నిలబడ్డ సైనికులను చూపించాం. ఆయన ఏమీ అనకుండా కుడి అంచున వేలు పెట్టారు. అక్కడ మూడు తుపాకీ గొట్టాల కొసలు చిత్రంలోకి పొడుచుకొచ్చి ఉన్నాయి. వాటిని పట్టుకున్న చేతులు లేవు, ముఖాలు లేవు. మాలో ఒక్కరం కూడా వాటిని గమనించలేదు.

ఆ చిత్రాన్ని మనం చదివే అలవాటు కొద్దీ ఎడమ నుంచి చూసుకుంటూ వస్తే, ముందు నేల మీద నెత్తురోడుతూ పడి ఉన్న శవం, తరువాత కళ్ళకు గంతలతో, తల వాల్చి, గుంజకు కట్టేసి ఉన్న మనిషి, చిట్టచివర ఆ గొట్టాలు కనిపిస్తాయి. చావు ముందు కనబడి, దాని కారణం ఆఖరున తెలియడం వల్లనే ఆ చిత్రం నన్ను అంతగా కలచివేసిందని నా నమ్మకం.

వెలుగు సంగతి నాకు అర్థమైంది మాత్రం సూది చేతబట్టాకనే. రేకు మీది మైనపు పూతను సూదితో గీకి, ఆ గీతలను ఆమ్లంతో తినిపించి, వాటిలో సిరా నింపి కాగితం మీద అచ్చు తీయడమే ఎచింగ్. అందులో తెలుపు సిరా ఉండదు. సూది తాకక, ఆమ్లం తినక మిగిలిన చోటే కాగితం తెల్లగా వెలుగుతుంది. వెనక ఆకాశాన్ని గీత మీద గీతతో చీకటి చేసిన గోయా, కట్టేసిన మనిషి బట్టలను దాదాపు గీతల్లేకుండా వదిలేశాడు. మామూలుగా వెలుగు పడ్డ మనిషిని చూస్తే కంటికి ఊరట కలుగుతుంది. ఇక్కడ ఆ తెలుపే తుపాకులకు గురి.

నా తొలి ప్లేటును నేను మూలమూలనా గీతలతో నింపేశాను. తడి ప్రూఫును, అంటే పరీక్షకు తీసిన అచ్చును, ప్రెస్ మీంచి ఎత్తి చూసి, మాస్టారు అడిగింది ఒక్కటే: “ఇందులో నువ్వు ముట్టుకోకుండా వదిలిన మనిషి ఎవరమ్మా?”